ఐసు కరిగేలోపు

మా ఏలూరు వైపు లారీ అంటే చాలామందికి చేపల లారీయే గుర్తొస్తుంది. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ఐసులో సర్దుకుని హౌరాకు బయల్దేరేవి. తాడేపల్లిగూడెం దాటాక కూడా వెయ్యి కిలోమీటర్ల దారి. అప్పట్లో అందులో ఎక్కువ భాగం ఎన్‌హెచ్ 5, ఇప్పుడు 16. ఐసు కరిగితే రేటు పడిపోతుంది.

మావయ్య పాత టాటా బండికి పవర్ స్టీరింగ్ లేదు. ఇంజిన్ వేడికి కేబిన్ పొయ్యిలా కాలేది. "మన నిద్ర చెడినా పర్లేదురా, చేప చెడకూడదు" అనేవాడు.

ఇప్పుడు లారీలు ఎక్కడున్నాయో చూపించే యాప్‌కి నేను కోడ్ రాస్తున్నా. బండి లేటైతే చుక్క ఎర్రబడుతుంది. డ్రైవర్ పడుకుని ఎన్ని గంటలైందో చూపించమని మాత్రం ఇంతవరకూ ఏ కస్టమరూ అడగలేదు.