హీరో మారాడు, గూడెం మారలేదు

మాది తిరువూరు వైపు, వినగడప దగ్గర తండా. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఈ మధ్య ‘అడవి రాముడు’ మళ్లీ చూశాను. 1977లో వచ్చిన సినిమా. కె.రాఘవేంద్రరావు డైరెక్షన్, ఎన్టీఆర్ హీరో, ఎక్కువ భాగం తమిళనాడులోని ముదుమలై అడవిలో తీశారు. ఏనుగులు, పాటలు, ఫైట్లు... ఇప్పటికీ బోరు కొట్టదు. నేనూ ఈల వేశాను. గూడేన్ని దోచుకునే వాళ్ల పని పట్టే హీరో, చివరికి చూస్తే ఫారెస్ట్ ఆఫీసర్!

మా దాదా ఆ రోజుల్లోనే ఈ సినిమా చూశాడంట. ఎలా ఉందని అడిగితే నవ్వాడు: “రామారావు మంచి ఆఫీసరేరా. మన కట్టెల మోపు లాక్కున్నోళ్లే వేరు.”

1985లో అదే డైరెక్టర్ ‘అడవి దొంగ’ తీశాడు. ఈసారి చిరంజీవి. అతను అడవిలో పెరుగుతాడు గానీ అడవోళ్ల బిడ్డ కాదు. 2004లో ‘అడవి రాముడు’ పేరు మళ్లీ వచ్చింది. కథ వేరు, హీరో ప్రభాస్.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా కాలేజీ వార్షికోత్సవంలో పాత ‘అడవి రాముడు’ స్కిట్ వేస్తున్నారు. కొత్త రాముడిగా సిటీ కుర్రాడిని తీసుకున్నారు. గూడెం జనానికి మా హాస్టల్ వాళ్లు నలుగురు కావాలంట. ఆకులు కట్టుకోవాలి, మొహానికి మసి పూసుకోవాలి. “మీకైతే నేర్పక్కర్లేదు కదా” అన్నారు. మా యాడి పెట్టెలో అద్దాలు కుట్టిన పేటియా, కాంచళి ఉన్నాయి. మా తండాలో ఆకులు కట్టుకున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

మేం రెండు మాటలు చెప్పాం. వేస్తే మా బట్టల్లోనే వేస్తాం. రాముడి వేషానికి మాలో ఒకడిని కూడా చూడండి. “ఆలోచిస్తాం” అన్నారు. ఇంకా ఏ కబురూ లేదు.

మన మనిషే హీరో అయిన సినిమా రాలేదా అంటే, 2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. ఆనాటి రాముడి మనవడే కొమరం భీమ్‌గా చేశాడు. హాస్టల్లో చూస్తూ గోల గోల చేశాం. చివర్లో ఏం కావాలని రామరాజు అడిగితే భీమ్ చదువు కావాలంటాడు. అక్కడ నా గొంతు ఆగిపోయింది. నిజం భీమ్ అసోం తేయాకు తోటలకు పోయిన రోజులకే చదవడం, రాయడం నేర్చుకున్నాడని చెబుతారు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చినోడు ఆయన. సినిమాలో మాత్రం చదువు ఇంకొకరి చేతిలోంచి రావాలి.

చదువు కావాలనడం తప్పు కాదు. నేనూ దాని కోసమే ఇల్లు వదిలొచ్చాను. కానీ నా ఫీజు కోసం యాడి మిర్చి కోతకు పోయింది. ఆ కథలో రాముడెవరు?

మీ ఇళ్లల్లో ఆనాటి సినిమాలు చూసిన పెద్దోళ్లుంటే ఒక్కటి అడగండి: తెర మీద గూడేన్ని చూసినప్పుడు వాళ్లకేమనిపించిందో. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కింద రాయండి. మనం రాసుకునే స్కిట్ అక్కణ్నించి మొదలుపెడదాం.