నీటిని బట్టి చేప, చేపను బట్టి పులుసు

హైదరాబాద్
ఆషాఢం, ఆదివారం

అక్కా,

క్షేమంగా చేరాను. రాత్రి నర్సాపూర్ బండికి టికెట్ ఉంది. ఈలోపు రాంనగర్ చేపల మార్కెట్ చూసి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. గోదావరి జిల్లాల వాళ్లు పులుసులో ఏమేం వేస్తారో, ఎట్లా ఉడికిస్తారో చూసింది చూసినట్టు రాయమన్నావు కదా. అక్కడి సంగతులకు ముందు మన కొర్రమట్ట గురించి రాయకుండా ఉండలేను.

మార్కెట్లో బొచ్చెలు, రవ్వలు ఐసు మీద పరిచి ఉంటే కొర్రమట్టలు మాత్రం తొట్టెల్లో నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. పైన వల కప్పకపోతే దూకి బయటపడతాయి. ఈ చేపకు నీళ్లలోని ప్రాణవాయువు ఒక్కటే చాలదు. మధ్యమధ్య పైకి వచ్చి గాలి పీలుస్తుంది, అందుకు తల లోపల ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. చెరువు ఎండి బురద మిగిలినా అది బతకడానికి, ఊళ్లు దాటి మార్కెట్‌కు ప్రాణంతో చేరడానికి కారణం అదే. తెలంగాణ రాష్ట్ర చేపగా దీన్ని ఎంచుకోవడం ఎంతో సబబు. ఎండాకాలం నీళ్లు ఇంకిపోయే మన చెరువుల్లో తట్టుకుని నిలిచే చేప ఇది.

కోసిచ్చే ఆమె పక్కన నిలబడి చాలాసేపు చూశాను. ముందు చేప ఒంటినిండా బూడిద పూసింది. జిగురు పోయి చేతికి పట్టు దొరికింది. తర్వాత గరుకు బండ మీద దొడ్డు ఉప్పు చల్లి, తోక పట్టుకుని అటూ ఇటూ రుద్దింది. నల్లటి పొర, పొలుసు పోయి కింద తెల్లటి తోలు తేలేదాకా వదల్లేదు. ఆ తర్వాతే కత్తిపీట ముందుకు లాక్కుంది. మనం ఇంట్లో తొందరపడేది ఈ రుద్దడం దగ్గరే. జిగురు మిగిలితే పులుసంతా నీచు వాసన పట్టేస్తుంది.

కొర్రమట్ట ముక్క గట్టిది. నడుమ ఉన్న ముల్లు తీస్తే కండలో గుచ్చుకునే సన్నముళ్లు ఉండవు, పిల్లలకు ధైర్యంగా పెట్టవచ్చు. అందుకే అమ్మ పద్ధతి దీనికి అతికినట్టు సరిపోతుంది. ఉల్లిగడ్డ, ఎండుకొబ్బరి నిప్పుల మీద కాల్చి, వేయించిన ధనియాలు, జీలకర్ర, కొన్ని మెంతులు, ఎల్లిగడ్డ కలిపి నూరి, చిక్కటి చింతపులుసులో ఉడికించడం. అంత మసాలాను ఈ కండ మోయగలదు. మెత్తటి చేపకు అదే మసాలా వేస్తే మిగిలేది మసాలా రుచే.

అన్న, వదిన నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

నీ తమ్ముడు


ఆకివీడు
బుధవారం

అక్కా,

గుడివాడ దాటాక తెల్లవారింది. కైకలూరు నుంచి ఆకివీడు దాకా రైలుకు రెండు పక్కలా చెరువులే. మన ఊరి చెరువులాంటివి కావు. గట్లు పోసి, నీళ్లు పెట్టి, చేపలను పెంచే చెరువులు. రైలు దిగాక ఒక గట్టు మీద ఆగి మేత వేయడం చూశాను. తవుడు నింపిన సంచులకు అడుగున చిన్న చిన్న రంధ్రాలు చేసి, తాళ్లకు వరసగా కట్టి నీళ్లలోకి దించుతారు. కాసేపటికి సంచుల చుట్టూ నీళ్లు కదలడం మొదలైంది. రవ్వలు వచ్చి ఆ రంధ్రాల దగ్గర నోరు పెట్టి తవుడు లాక్కుంటున్నాయి. ఇట్లా పెరిగిన చేపలే ఐసు పెట్టెల్లో సర్దుకుని లారీల మీద బెంగాల్‌కు, అస్సాంకు వెళ్తాయి. రవ్వను ఇక్కడ శీలావతి అంటారు, దాని మీద బతికే కుటుంబాలు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉన్నాయి.

నువ్వు ఎప్పుడూ అడుగుతావు చూడు, ఒక్కోసారి తెచ్చిన చేపలో మట్టి వాసన ఎందుకొస్తుందని. దానికి జవాబు ఇక్కడ తెలిసింది. కదలని నీటిలో పెరిగే కొన్ని రకాల నాచు, సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. తొలకరి వానకు నేల నుంచి వచ్చే వాసన కూడా దానిదే. నీళ్లలో ఉన్న జియోస్మిన్ చేప కొవ్వులో చేరుతుంది. పట్టిన చేపను కొంతకాలం మేత లేకుండా శుభ్రమైన నీటిలో ఉంచితే తగ్గుతుంది. వంటింట్లో మనం చేయగలిగింది పులుపు వాడటం. పులుపు తగిలితే ఆ పదార్థం విరిగిపోతుంది. ముక్కలకు ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి కాసేపు ఉంచి కడగడం, ఆపైన చింతపండు పులుసులో ఉడికించడం మన పెద్దవాళ్లు ఊరికే పెట్టుకున్న అలవాటు కాదక్కా. చెరువు నీటి గుణం తెలుసుకుని కట్టిన వంట అది.

కొల్లేరు కూడా చూశాను. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకెళ్తుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు వచ్చింది. అయినా సరస్సు లోపలే గట్లు పోసి చెరువులు తవ్వుతూ పోయారు. 2006లో ప్రభుత్వం పెద్ద ఎత్తున ఆ గట్లు కొట్టించింది, సమస్య మాత్రం ఇంకా నలుగుతూనే ఉంది. సరస్సు కుంచించుకుపోతే వలస పక్షులకే కాదు, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, జెల్ల, బొమ్మిడాయి లాంటి నాటు చేపలకూ చోటు పోతుంది. వీటిని ఎవరూ తవుడు పోసి పెంచరు. సరస్సు సరస్సుగా ఉంటేనే ఉంటాయి.

కొల్లేటిలో చేపలు పట్టి బతికే వడ్డీల ఇంట్లో బొమ్మిడాయిల పులుసు తిన్నాను. పాములా పొడుగ్గా, మూతి మొనదేలి ఉండే చేప. దీన్నీ బూడిదతో, ఉప్పుతో రుద్ది కడిగారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నూనెలో మెత్తబడ్డాక కారం, పసుపు, పల్చటి చింతపండు రసం, చివర్లో మామిడి ఒరుగులు. మసాలా దాదాపు లేదు. కొబ్బరి, గసాలు ఎందుకు వేయలేదని అడిగితే ఆ ఇంటి పెద్దావిడ, “దీని కొవ్వే దీనికి మసాలా అయ్యా, మనం ఇంకేం వేసినా అది చెడిపోద్ది” అంది. పులుసు మీద పసుపు రంగు నూనె తేలి ఉంది. అది గరిటెతో పోసిన నూనె కాదు, చేప నుంచి దిగిన నూనె. అన్నంలో కలిపిన మొదటి ముద్దకే ఆమె మాట ఎంత నిజమో తెలిసింది.

నీ తమ్ముడు


బొబ్బర్లంక
శనివారం

అక్కా,

గోదావరి ఎర్రబడింది. ధవళేశ్వరం ఆనకట్ట గేట్ల కింద నీళ్లు నురగలు కక్కుతున్నాయి. కాటన్ దొర 1852 నాటికి ఇక్కడ కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది తర్వాతి కాలపు బ్యారేజీ. ఈ ఎర్రనీటి కోసమే పులస సముద్రంలో కాచుకుని ఉంటుంది. వరద మొదలయ్యాక గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చి పాయల వెంట ఎదురీదుతుంది. సముద్రంలో పట్టినదాన్ని ఇక్కడివాళ్లు విలస అంటారు, దాని ధర వేరు. నదిలో ఎదురీది వచ్చిన కొద్దీ ఒంట్లో ఉప్పదనం తగ్గి రుచి మారుతుందని వీళ్ల మాట.

ధర వింటే గుండె ఆగుతుంది. ఒక్క చేపే వేలల్లో పలుకుతుంది, జన, అంటే గుడ్లు, ఉన్న చేపైతే వేలం పాటే. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత వినే ఉంటావు. ఒడిశా నుంచి ఐసులో వచ్చిన విలసను పులసని చెప్పి అమ్మడమూ ఉంది. అందుకే తెలిసినవాళ్లు రేవులో పడవ ఒడ్డుకు వచ్చేదాకా నిలబడి కొంటారు.

నా స్నేహితుడి మేనత్త గారింట్లో వండటం మొదటినుంచీ చూశాను. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, దాచుకో.

పొలుసు తీసి, కడుపు శుభ్రం చేసి, ముందే బాగా కడగాలి. ముక్కలు కోశాక మళ్లీ మళ్లీ కడిగితే కొవ్వు, రుచి రెండూ పోతాయి. ముక్కలకు ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెట్టాలి. వెడల్పాటి మట్టి దాకలో నూనె వేడిచేసి ఉల్లిపాయ ముద్ద పచ్చివాసన పోయేదాకా వేయించాలి. చీల్చిన పచ్చిమిరపకాయలు, కొద్దిగా అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి వేసి చిక్కటి చింతపండు పులుసు పోయాలి. అది బాగా తెర్లాక బెండకాయలు, ఆపైన చేప ముక్కలు పేర్చాలి. అక్కడినుంచి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి సన్నసెగ మీదే ఉంచాలి. నేను అలవాటుగా గరిటె అందుకోబోతే ఆవిడ ఆపారు. “గరిటె పెట్టకూడదండీ, ముక్క చెదిరిపోద్ది. దాక అంచులు పట్టుకుని తిప్పాలి” అన్నారు. రెండు గుడ్డలతో దాకను పట్టుకుని ఆవిడ ఒక్క తిప్పు తిప్పితే పులుసంతా ముక్కల మీదికి పొర్లింది, ఒక్క ముక్క కూడా విరగలేదు. దింపేముందు ఆవకాయ మీద తేరిన నూనె ఒక గరిటె, వెన్న కొంచెం, కొత్తిమీర. అంతే.

ఆ పూట మాకు పెట్టలేదు. దాకకు మూత పెట్టి మర్నాటి దాకా ఉంచారు. పులసలో సన్నముళ్లు విపరీతం. పులుపులో నాని ఆ ముళ్లు మెత్తబడతాయి, చేప కొవ్వు పులుసులోకి దిగుతుంది, పులుసు ముక్కలోకి ఎక్కుతుంది. కొల్లేటి చెరువుల దగ్గర చింతపండు చేసే పని మట్టి వాసన విరగ్గొట్టడం అయితే, ఇక్కడ దాని పని కొవ్వు వెగటు కొట్టకుండా చూడటం, ముల్లును లొంగదీయడం. మర్నాడు వేడి అన్నంలో తిన్నాను. పొట్ట ముక్క నోట్లో పెడితే నమలాల్సిన అవసరమే రాలేదు.

ఇక్కడి జాలరులు పులస ఏడాదికేడాది తగ్గిపోతోందని చెబుతారు. నదీముఖంలోనే వలలు అడ్డంగా వేయడం, వల కళ్లు చిన్నవి కావడం, నీటి కాలుష్యం, పైన ఆనకట్ట, ఇన్ని దాటి ఒక చేప పైకి రావాలి. గుడ్లతో నిండిన చేపకే ఎక్కువ ధర కట్టడం కూడా ఆ తగ్గుదలలో భాగమే. పులసను ఇష్టపడేవాళ్లు దాని గుడ్ల సంగతి కూడా ఆలోచించాలని నా మనసుకు గట్టిగా అనిపిస్తోంది.

నీ తమ్ముడు


భద్రాచలం
మంగళవారం

అక్కా,

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీదుగా, చింతూరు దాటి ఇక్కడికి చేరాను. దారిలో ఒక కొండవాగు పక్కన చిన్న హోటల్ పెట్టుకున్న కుటుంబం అప్పుడే పట్టుకొచ్చిన చిన్నచేపలు చేసి పెట్టారు. ఉప్పు, పసుపు, దంచిన పచ్చిమిర్చి పట్టించి, ఆకుల్లో చుట్టి నిప్పుల్లో పెట్టారు. ఆకు మాడి నల్లబడ్డాక తీసి విప్పారు. చింతపండు ఊసే లేదు, ఉల్లిపాయ కూడా లేదు. రాళ్ల మీదుగా పరుగెత్తే నీటి చేపలో మట్టి వాసన ఉండదు, దాని ఒంట్లో కొవ్వూ తక్కువ. విరగ్గొట్టాల్సిన వాసన లేనప్పుడు పులుపుతో పనేముంది?

అక్కడ ఆకు విప్పి తింటున్నప్పుడు ఈ ప్రయాణమంతా ఒక వరసలోకి వచ్చింది. కదలని చెరువు చేపకు చిక్కటి పులుపు, కొల్లేటి బొమ్మిడాయికి పల్చటి రసంతో మామిడి ఒరుగు, వరద గోదావరి పులసకు పులుపుతో పాటు ఒక రాత్రి నిదానం, కొండవాగు చేపకు ఉప్పూ నిప్పూ చాలు. ఎవరూ పుస్తకం చూసి పెట్టుకున్న పద్ధతులు కావు. ఏ నీటి పక్కన బతికినవాళ్లు ఆ నీటిని చూసి నేర్చుకున్నవి. ఇప్పుడు హోటళ్లలో అన్ని చేపలకూ ఒకే ఎర్రటి గ్రేవీ పోస్తున్నారు. దానివల్ల రుచి పోవడం ఒక ఎత్తు, ఏ చేప ఏ నీటిదో అడిగే అలవాటే పోవడం ఇంకో ఎత్తు. అడిగేవాళ్లు లేకపోతే ఆ నీటిని కాపాడాలన్న పట్టుదల కూడా ఎవరికీ ఉండదు.

అందుకని నీకు రెండు మాటలు. వచ్చే ఆదివారం మానేరు డ్యాం దగ్గర గంగపుత్రుల వద్ద పెద్ద బొచ్చె తలకాయ తెప్పించు. బొచ్చెకు తలలోనే రుచి ఉంది. మెంతులు తగ్గించి, కొబ్బరి మానేసి, చింతపులుసు, కారం, ఎల్లిగడ్డతోనే చేద్దాం. గరిటె పెట్టకుండా గంజు తిప్పడం నేను చూపిస్తాను.

రెండోది కొర్రమట్ట గురించి. వానలు పడగానే అది చెరువు అంచుల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటి పైకి వచ్చి తిరుగుతుంటే తల్లీతండ్రీ కిందనే కాపలా కాస్తాయి. ఆ గుంపును చూసి పెద్ద చేపల జాడ కనిపెట్టి పట్టడం తేలిక. అట్లా పట్టేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి. ఈ నెలల్లో మన ఊరి చెరువు కొర్రమట్ట కావాలని ఎవరినీ అడగవద్దు. పెంపకం చేప దొరికితే సరే, లేకపోతే బొచ్చెతో, రవ్వతో సరిపెట్టుకుందాం. బావకు కూడా ఈ మాట చెప్పు, ఆయన చెబితే చెరువు సొసైటీ వాళ్లు వింటారు.

రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. మామిడి ఒరుగులు తెస్తున్నాను.

నీ తమ్ముడు