పట్టుకుపోయిన క్లచ్

చాలాకాలం కదలని కారును మళ్ళీ రోడ్డెక్కించేవారు మొదట బ్యాటరీ గురించీ, ట్యాంకులో పాతబడిన పెట్రోలు గురించీ ఆలోచిస్తారు. అవి తేలికగా తేలిపోయే వ్యవహారాలు. మనిషిని తికమకపెట్టేది క్లచ్. ఇంజను చక్కగా నడుస్తూ ఉంటుంది, పెడలు పాదం కింద మామూలుగానే దిగుతుంది, గేరు మాత్రం పడదు. బలవంతం చేస్తే లోపల పళ్ళు కొరికిన చప్పుడు.

మాది చిరాగ్‌పల్లి. జహీరాబాదు దాటి పడమటికి సాగే జాతీయ రహదారి (పూర్వం 9, ఇప్పుడు 65) మీద కర్ణాటకలోకి అడుగుపెట్టే ముందు వచ్చే ఊరు. ఇక్కడి మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాన్న 2001లో కొన్న మారుతి 800 ఉంది. ఆయన పోయాక రెండు వానాకాలాలు అది కదలలేదు. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు ఐదేళ్ళకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి కదా, ఆ గడువు నెలలోకి వచ్చేసింది. కదలకపోతే పాత ఇనుముకు ఇచ్చేద్దామన్నాడు తమ్ముడు. అమ్మ ఏమీ అనలేదు. షెడ్డు తాళం చెవి మాత్రం ఆవిడ కొంగుముడి దాటి రాలేదు.

జహీరాబాదు నుంచి వచ్చిన మెకానిక్ రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేశాడు. "క్లచ్ ఖతమ్ సాబ్. గేర్‌బాక్సు దించాలె. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు అన్నీ కొత్తవి ఎయ్యాలె."

నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. క్లచ్ ప్లేటు అరిగేది బండి తిరిగినప్పుడు. రెండేళ్ళు కదలని కారులో అదెలా అరుగుతుంది? పైగా అరిగిన ప్లేటు జారుతుంది: ఇంజను అరుస్తుంది, బండి పరుగెత్తదు, గేర్లు మాత్రం హాయిగా పడతాయి. మా కారుది సరిగ్గా దానికి ఎదురు రోగం. క్లచ్ విడవడం లేదు. పట్టకపోవడమూ, విడవకపోవడమూ రెండింటినీ "క్లచ్ పోయింది" అనే ఒక్క మాటలో కలిపేయడం వల్ల ఎన్ని బాగున్న ప్లేట్లు పాత సామాన్లలో చేరాయో!

నాన్న ఆల్విన్ వారి జహీరాబాదు కర్మాగారంలో పనిచేశారు. ప్రభుత్వ సంస్థ అయిన ఆల్విన్ జపాను నిస్సాన్ సహకారంతో చిన్న లారీలు తయారుచేసిన చోటు అది. తరువాత మహీంద్రా వారి చేతికి వెళ్ళింది. బోల్టు విప్పే ముందు, విప్పకుండా తెలుసుకోగలిగినదంతా తెలుసుకోవాలన్నది ఆయన పద్ధతి. మేమూ అదే దారి పట్టాం.

ఇంజను ఆపి గేర్లు వేసి చూస్తే అన్నీ మెత్తగా పడ్డాయి. అంటే గేర్‌బాక్సుకూ, దాని కడ్డీలకూ జబ్బు లేదు. తరువాత తమ్ముడు పెడలు తొక్కుతుంటే నేను బానెట్ ఎత్తి, గేర్‌బాక్సు మీద క్లచ్ వైరు లాగే చేతిని చూశాను. ఈ కారులో నూనె ఒత్తిడి లేదు, అంతా వైరు పనే. ఆ చేయి బద్ధకంగా, సగమే కదిలింది. వైరు దాని తొడుగులోనే తుప్పుపట్టి బిగిసింది. కొత్త వైరు వేశాక పూర్తిగా కదిలింది. అయినా గేరు పడలేదు.

ఇక మిగిలింది ఒక్క పరీక్ష. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో తోస్తే కారు కదిలింది కనుక బ్రేకులు పట్టుకోలేదని తేలింది. మొదటి గేరులో పెట్టి, పెడలు నేలకంటా తొక్కి తోస్తే బిగుసుకుపోయింది. క్లచ్ విడిచి ఉంటే అప్పుడూ దొర్లాలి. ప్లేటు ఫ్లైవీలుకు అంటుకుపోయిందన్నమాట. ఫ్లైవీలు ముఖం పోత ఇనుము. ప్లేటు పూత తేమను పీలుస్తుంది. స్ప్రింగులు ఆ రెంటినీ ఒత్తిపట్టి ఉంచుతాయి. మధ్యలో తుప్పు జిగురు పాత్ర వహిస్తుంది. ఇక్కడి వానలు రెండేళ్ళూ ఆ పనిలోనే ఉన్నాయి.

పెడలుకూ సీటుకూ మధ్య చెక్క బిగించి రాత్రంతా వదిలాం. విడలేదు. మర్నాడు కారును చెరకు నరికిన ఖాళీ చేలోకి లాగించి, బ్రేకు బాగా పట్టుతోందని రూఢి చేసుకుని, ఇంజను వేడెక్కించి ఆపాం. ముందు ఎవరూ లేకుండా చూసి, రెండో గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి తాళం తిప్పాను. కారు ఎగిరిపడి నడక మొదలుపెట్టింది. పెడలు వదలకుండా కాస్త యాక్సిలరేటరు, వెంటనే బ్రేకు. మళ్ళీ అదే. నాలుగోసారి కింద 'టక్'మని ఒక శబ్దం. ఇంజను తిరుగుతూనే ఉంది, కారు నిలబడింది. (గోడల మధ్యా, వీధిలోనూ దయచేసి ఈ పని చేయకండి. ఎగిరిపడటం అన్నది అలంకారం కాదు.)

ప్లేటు మిగిలిందో లేదో కూడా తేల్చుకోవాలి. హ్యాండ్‌బ్రేకు బిగించి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదిలితే ఇంజను గిలగిలలాడి ఆగిపోయింది. జారే ప్లేటైతే అలా ఆగదు. పెడలుకు పైన ఉండవలసిన కొద్దిపాటి ఖాళీ కదలికను వైరు చివరి నట్టుతో సరిచేశాం.

ఫోనులో చెబితే మెకానిక్ నవ్వాడు. "అంటే చిపక్ గయా థా!" అన్నాడు. వైరు డబ్బులు తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

చల్లగా ఉన్నప్పుడు మొదటి గేరులో ఇంకా కొంచెం వణుకు ఉంది. తుప్పు గరుకు పోయేదాకా కొన్నాళ్ళు నడిపి చూస్తాం. తగ్గకపోతే అప్పుడు గేర్‌బాక్సు దించవచ్చు. తనిఖీకి తానే తీసుకెళ్తానని తమ్ముడు అమ్మ దగ్గర తాళం చెవి అడిగాడు.