40 సెంటీమీటర్ల చూపు

నడివయసులో దగ్గరి చూపు మందగించడాన్ని తెలుగువారు చత్వారం అన్నారు. నలభైని సూచించే సంస్కృత పదం నుంచి వచ్చిన పేరది. వయసే పేరుగా స్థిరపడినందువల్ల కాబోలు, దాన్ని ఎవరూ లోపంగా లెక్కించలేదు, ప్రభుత్వాలు సైతం. అంధత్వ నివారణకు భారతదేశం 1976లోనే జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. కానీ అంధత్వానికి అది పెట్టుకున్న కొలత దూరపు చూపుదే. ఆరు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కించలేనివారు అంధులన్న నిర్వచనాన్ని 2017లో మూడు మీటర్లకు సవరించారు. చేతిలోని కాగితానికి రెండు నిర్వచనాల్లోనూ చోటు లేదు.

దగ్గరి చూపును కొలవడం ఎంత నిశితమైన పనో ఢిల్లీలోని ఒక తెలుగు పాత్రికేయురాలి అనుభవం చెబుతుంది. ఆమెకు 49 ఏళ్లు. రెండు కళ్లకూ పవర్ మైనస్ ఐదు. కళాశాల రోజుల నుంచీ కాంటాక్ట్ లెన్సులే వాడుతున్నారు. చేసే పని పార్లమెంటు వార్తలు రాయడం. ప్రెస్ గ్యాలరీలోకి ఫోను, ల్యాప్‌టాప్ తీసుకువెళ్లనివ్వరు. కలం, నోటుపుస్తకమే ఆధారం. 2023 సెప్టెంబరులో సభలు కొత్త భవనానికి మారాక, 888 ఆసనాల లోక్‌సభ మందిరంలో దూరపు వరుసలో లేచింది ఏ సభ్యుడో పోల్చుకోవాలి; ఆ క్షణమే తల వంచి అతని మాట రాసుకోవాలి. గందరగోళం రేగినప్పుడు ఈ రెండింటి మధ్య వ్యవధి ఒక్క సెకను కూడా ఉండదు. తాను రాసుకున్న అంకెలో మూడు ఏదో ఎనిమిది ఏదో తెలియని స్థితి వచ్చినప్పుడు ఆమె ఆప్టోమెట్రిస్టు దగ్గరకు వెళ్లారు. ఓట్ల లెక్కలు రాసేవారికి మూడుకూ ఎనిమిదికీ తేడా చిన్న విషయం కాదు.

హ్రస్వదృష్టి ఉన్నవారికి చత్వారం ఆలస్యంగా వస్తుందన్న లోకోక్తిలో సగమే నిజం. మైనస్ అద్దాలు ధరించేవారు అద్దాలు తీసేసి చదువుకోగలరు. మైనస్ ఐదు కంటికి 20 సెంటీమీటర్ల దగ్గర అక్షరం ఏ సాయమూ లేకుండానే స్పష్టంగా ఉంటుంది. కాంటాక్ట్ లెన్సు ధరించినవారికి ఆ వెసులుబాటు లేదు. పైగా, అదే పవర్ లెన్సు రూపంలో కార్నియా మీద కూర్చున్నప్పుడు, దగ్గరి వస్తువును చూడటానికి కన్ను పడే శ్రమ కళ్లద్దాలతో పడేదానికంటే ఎక్కువ. ఆమెకు ఇబ్బంది ముందే మొదలవడానికి కారణం ఇదే.

ఆప్టోమెట్రిస్టు అక్షరాల పటం చూపించడానికి ముందు టేపు తీశారు. నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని రాసేటట్టు కూర్చోమని, కంటికీ కాగితానికీ మధ్య దూరం కొలిచారు. ఆఫీసులో తెర ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉంటుందో అడిగారు. 50 సెంటీమీటర్ల దగ్గర చూడటానికి కంటికి రెండు డయాప్టర్ల శక్తి కావాలి, 40 దగ్గర రెండున్నర, 33 దగ్గర మూడు. వయసును బట్టి పవర్ రాసిస్తే ఈ తేడా పట్టుబడదు.

గట్టి రకం బైఫోకల్ లెన్సులో పై భాగం దూరానికి, కింది భాగం దగ్గరకు. చూపు కిందికి దించగానే కింది రెప్ప అంచు లెన్సును నిలిపి ఉంచుతుంది. దగ్గరి భాగం కనుపాప ఎదుటికి వస్తుంది. గ్యాలరీలో తల వంచి రాసే మనిషికి ఇంతకంటే అనువైనది లేదు. అయితే ఆఫీసులో తెర కళ్ల ఎదురుగా ఉంటుంది. చూపు దించకపోతే ఆ లెన్సు కదలదు. మెత్తటి మల్టీఫోకల్ లెన్సులో దూరపు పవర్, దగ్గరి పవర్ రెండూ ఒకేసారి కనుపాప ముందు ఉంటాయి. కావలసిన బొమ్మను మెదడు ఏరుకోవాలి. దానికి మూల్యం స్పష్టతే. నల్లటి అచ్చు అక్షరాల పటం మీద ఆ నష్టం కనబడదు. మాసిన జిరాక్సు కాగితం మీద కనబడుతుంది. మధ్యభాగం దగ్గరి చూపుకు కేటాయించిన లెన్సయితే, వెలుతురు తగ్గి కనుపాప విచ్చుకున్నప్పుడు దగ్గరి అక్షరమే మసకబారుతుంది. ఒక కంటికి దూరం, రెండో కంటికి దగ్గర అన్న మూడో పద్ధతిలో లోతు అంచనా కొంత దెబ్బతింటుంది.

చివరికి మెత్తటి లెన్సులే తేలాయి. ప్రధానమైన కుడి కంటికి దూరపు మొగ్గు, ఎడమ కంటికి దగ్గరి మొగ్గు. రెండు వారాల అలవాటు, మూడు సార్లు దిద్దుబాటు. నివేదికలు గంటల తరబడి చదవాల్సినప్పుడు లెన్సుల మీదుగానే పెట్టుకోవడానికి ప్లస్ ఒకటి కళ్లద్దాలు. అన్నిటికీ ఒకే లెన్సు చాలదని మొదటే చెప్పిన ఆ నిజాయితీ మెచ్చదగినది. చదివే అద్దాల అవసరమే లేకుండా చేస్తామన్న ప్రచారంతో 2024లో ఒక చుక్కల మందు వచ్చింది. ఆగస్టులో ఔషధ నియంత్రణాధికారి అనుమతి, సెప్టెంబరులో అదే అనుమతి నిలిపివేత.

ఇది డబ్బున్నవారి వైభోగమని తోసిపుచ్చడం తేలిక. తోసిపుచ్చవలసింది లెన్సును, టేపును కాదు. 2017లో అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్లు దాటిన 751 మంది కార్మికులతో ఒక అధ్యయనం జరిగింది. కొందరికి దగ్గరి చూపు అద్దాలు వెంటనే ఇచ్చారు, మిగిలినవారికి అధ్యయనం ముగిశాక. వెంటనే అందినవారు కోసిన ఆకు, అందనివారితో పోలిస్తే 21.7 శాతం అధికంగా పెరిగింది. రెండు ఆకులు, ఒక మొగ్గ గుర్తించి తుంచడం కూడా చదువులాంటి పనే. బంగ్లాదేశ్‌లో జరిగిన మరో అధ్యయనం 2024లో వెలువడింది. అక్కడ అద్దాలు అందినవారి ఆదాయం మూడో వంతు పెరిగింది.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే పంచారు. ఆ పథకానికి దక్కవలసిన మెప్పు దక్కాలి. కళ్లద్దాలపై జీఎస్టీని 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గించడమూ మంచిదే. మిగిలిపోయింది పనిని అడగడం. యాభై ఏళ్ల కంసాలి కంటికి జానెడు దూరంలో పుస్తె అతుకుతాడు. అదే వయసు లారీ డ్రైవరు చేయి చాచినంత దూరంలో మీటరు చూస్తాడు. వయసు చూసి పెట్టెలోంచి తీసిచ్చే ప్లస్ రెండు అద్దాలు ఆ ఇద్దరిలో ఎవరికీ సరిపోవు. కంసాలి వాటిని రెండు రోజులు పెట్టుకుని గూట్లో పెడతాడు. పంపిణీ లెక్కలో మాత్రం ఆ జత చేరే ఉంటుంది.