‘మొదటి మహిళ’ అన్న మాట వెనుక

హైకోర్టు మహిళా న్యాయమూర్తుల గురించి ఎవరు రాసినా ‘మొదటి మహిళ’ అన్న మాటతోనే మొదలుపెడతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వం కన్నా ముందు సంవత్సరాల లెక్క గుర్తొస్తుంది. 1916లో రెజీనా గుహ వకీలుగా నమోదు చేసుకుంటానంటే కలకత్తా హైకోర్టు కుదరదంది. 1921లో సుధాంశుబాల హాజ్రాకి పాట్నా హైకోర్టు ఇచ్చిన జవాబూ అదే. ఆడవాళ్లూ వకీళ్లు కావచ్చని చట్టం ఒప్పుకున్నది 1923లో. హైకోర్టు బెంచి మీద మొదటి స్త్రీ, కేరళలో అన్నా చాందీ, కూర్చున్నది 1959లో. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి జస్టిస్ అమరేశ్వరి వచ్చింది 1978లో. ఒక స్త్రీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కావడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె హిమాచల్‌ప్రదేశ్‌లో లీలా సేథ్. ‘మొదటి’ అన్నది ఆమె ఘనతే, కానీ అన్నేళ్లు తలుపు మూసి ఉంచినవాళ్ల సంగతి కూడా ఆ మాటే చెబుతుంది.

ఈ స్త్రీల జీవితాలు నేను ఇష్టంగా చదువుతాను. తీర్పుల్లో కనిపించని ఇల్లు వాటిలో కనిపిస్తుంది. భర్త ఉద్యోగం వల్ల లండన్ వెళ్లిన లీలా సేథ్, చంటిపిల్లాణ్ణి చూసుకుంటూ చదివి, 1958లో అక్కడి బార్ పరీక్షలో అందరికన్నా ముందు నిలిచారు. తీరా కలకత్తాలో ఒక సీనియర్ దగ్గర చేరబోతే, ఈ వృత్తి ఎందుకు, పెళ్లి చేసుకోమన్నాడాయన. అయిందన్నారామె. పిల్లల్ని కనమన్నాడు. ఉన్నాడన్నారు. ఒక్కడు చాలడన్నాడు. ఇద్దరున్నారన్నారు. అప్పుడు గానీ ఆయన దారికి రాలేదు. 2003లో వచ్చిన ఆమె ఆత్మకథలో ఇది చదివి నవ్వుకున్నాను. వెంటనే, నా పరిశోధన ఇంటర్వ్యూలో పెళ్లెప్పుడని అడిగిన పెద్దమనిషి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అన్నా చాందీది ఇంకో దారి. 1937లో తిరువాన్కూరులో మున్సిఫ్ కాకముందే ఆమె ‘శ్రీమతి’ పత్రిక నడిపారు, స్త్రీల ఉద్యోగాల కోసం సభల్లో వాదించారు. ఆడవాళ్లకి ఉరిశిక్ష నుంచి మినహాయింపు ఎందుకని కూడా నిలదీశారు. ఉరిశిక్షే వద్దనే నాకు ఆ వాదన మింగుడుపడదు. కానీ దయగా ఇచ్చినదాన్ని హక్కుగా పొరబడొద్దన్న హెచ్చరిక అందులో నాకు వినిపిస్తుంది.

అయితే 1978 అనగానే మనకి మరొకటి కూడా గుర్తు రావాలి. జస్టిస్ అమరేశ్వరి హైకోర్టుకి వచ్చిన ఆ ఏడాదే హైదరాబాద్ నల్లకుంట పోలీస్‌స్టేషన్లో ఒక పేద ముస్లిం స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. విచారణ కమిషన్ వాళ్లని తప్పుపట్టినా, కేసు కర్ణాటకకు మారి అక్కడి కోర్టులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. న్యాయపీఠం మీద ఒక స్త్రీ, న్యాయం దొరకని ఇంకో స్త్రీ. ఒక్కరు బెంచి ఎక్కినంత మాత్రాన చట్టం మన వైపు తిరగదు.

మరి వాళ్లు ఉండి ఏం లాభం అంటారా? లీలా సేథ్ రిటైరయ్యాక లా కమిషన్ సభ్యురాలిగా ఉన్నప్పుడే, 2000లో, హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమాన హక్కు ఇవ్వాలని కమిషన్ సిఫారసు చేసింది. మన రాష్ట్రం 1985లోనే, పెళ్లికాని కూతుళ్లకైనా, ఆ హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. 2013లో ఆమె సభ్యురాలిగా ఉన్న జస్టిస్ వర్మ కమిటీ, భార్య మీద భర్త చేసే అత్యాచారానికి చట్టం ఇస్తున్న మినహాయింపు తీసెయ్యమంది. పార్లమెంటు వినలేదు. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మినహాయింపు అలాగే ఉంది. స్వలింగ సంబంధాలను మళ్లీ నేరంగా నిలబెట్టిన 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పును విమర్శిస్తూ, తల్లిగానూ న్యాయమూర్తిగానూ ఆమె పత్రికలో రాశారు. 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసేటప్పటికి ఆమె లేరు.

అమ్మతనాన్ని కోర్టు బయట వదిలి రమ్మన్న వ్యవస్థకి ఆమె ఇచ్చిన సమాధానంగా నేను ఆ వ్యాసాన్ని చదువుకుంటాను. తెలంగాణ హైకోర్టుకి 2021లో హిమా కోహ్లీ మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీల విషయంలో ‘మొదటి’ అన్న మాట ఇంకా ఎన్నో కోర్టుల్లో వినాల్సి ఉంది. ఆ మాటకి పనిలేని రోజు వస్తే, అప్పుడు వాళ్ల తీర్పుల గురించి మాత్రమే మాట్లాడుకోవచ్చు.