తాకకుండా కొలవడం

3 జులై 2025, గురువారం, ఒంగోలు

ఎం.ఎడ్. పిల్లలు డిసర్టేషన్ అంశాలు రాసుకుని వచ్చారు. పొదిలి వైపు నుంచి వచ్చే అమ్మాయి శీర్షిక: ‘తొమ్మిదో తరగతి విద్యార్థుల మార్కులపై మొబైల్ వాడకం ప్రభావం’. ‘ప్రభావం’ కొట్టేసి ‘మార్కులకూ మొబైల్ వాడకానికీ గల సంబంధం’ అని రాయమన్నాను. ఎందుకు మేడం అంది.

చీటీలు వేసి సగంమంది పిల్లలకు ఫోన్లిచ్చి, మిగతా సగానికి ఇవ్వకుండా, ఏడాది తర్వాత మార్కులు చూడగలవా? చూడలేవు, చూడకూడదు కూడా. నువ్వు చేసేది ఉన్నదాన్ని ఉన్నట్టు కొలవడం. ఎవరు రోజుకు ఎంతసేపు ఫోన్ చూస్తున్నారు, ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయి, ఈ రెండూ కలిసి కదులుతున్నాయా లేదా. నీ లెక్క అంతవరకే చెప్తుంది. చదువు ఒంటబట్టని పిల్లవాడే విసుగొచ్చి ఫోన్ పట్టుకుంటున్నాడేమో. లేదా అమ్మానాన్నలిద్దరూ తెల్లారే పనికి పోయి రాత్రికి వచ్చే ఇంట్లో, చదివించేవాళ్లు లేక మార్కులు తగ్గుతూ, అడిగేవాళ్లు లేక ఫోన్ పెరుగుతూ ఉందేమో. అప్పుడు రెంటికీ మూలం మూడోచోట ఉంది.

“అయితే నా పనికి విలువ లేనట్టేనా మేడం?” అంది, మొహం చిన్నబుచ్చుకుని. అంతలో బెల్లు కొట్టారు.

దీనికి సరైన జవాబు చెప్పి తీరాలి. ‘సహసంబంధం కారణం కాదు’ అని వల్లె వేయించి పంపేస్తే, పిల్లలు ఆ పద్ధతినే చిన్నచూపు చూడటం నేర్చుకుంటారు.

5 జులై, శనివారం

ఇవాళంతా లెక్క. గాల్టన్ 1888లో మనుషుల ఎత్తుకూ, మోచేతి నుంచి వేలికొస దాకా ఉండే పొడవుకూ సంబంధం కొలిచి 0.8 అన్నాడు. మనం ఇప్పుడు వాడే సూత్రం కార్ల్ పియర్సన్ 1896లో ఇచ్చింది. ఈ సహసంబంధ గుణకం మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా ఉంటుంది. గుర్తు దిశను చెప్తుంది, అంకె బలాన్ని చెప్తుంది. ప్లస్ 0.4 కంటే మైనస్ 0.7 బలమైన సంబంధం. ఈ ఒక్క ముక్క దగ్గర ఏటా చాలామంది తడబడతారు. గుణకం 0.3 వచ్చిందనుకుంటే దాని వర్గం 0.09. అంటే మార్కుల్లోని హెచ్చుతగ్గుల్లో నూటికి తొమ్మిది పాళ్లు మాత్రమే ఫోన్ వాడకంతో ముడిపడి ఉన్నాయి. మిగతా తొంభై ఒక్క పాళ్లూ వేరే చోట వెతుక్కోవాలి.

ఆన్‌స్కోమ్ 1973లో ఇచ్చిన నాలుగు పట్టికలకూ చేత్తోనే గ్రాఫులు గీయించాను. ఒక్కోదానిలో పదకొండు జతల అంకెలు, నాలుగింటికీ గుణకం 0.816. గీసి చూస్తే ఒకదానిలో చుక్కలు గీత వెంట పరుచుకున్నాయి. ఒకటి విల్లులా వంగింది. ఒకదానిలో తక్కిన చుక్కలన్నీ వరసలో ఉంటే ఒక్కటి దారి తప్పి గీతను తనవైపు లాగింది. నాలుగోదానిలో ఒకే ఒక్క చుక్క తీసేస్తే సంబంధమే మిగలదు. కంప్యూటర్ ఇచ్చిన గుణకం రాసుకుని, గ్రాఫు వంక చూడని పరిశోధనను నేను నమ్మను.

8 జులై, మంగళవారం

ఆ అమ్మాయి ప్రశ్నకు ఇవాళ క్లాసులో జవాబు చెప్పాను. పళ్ల కథ చెప్పాను.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డాక్టరు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో పళ్ల వైద్యం మొదలుపెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్లమీద గోధుమరంగు మచ్చలు. పెద్దయ్యాక వచ్చి స్థిరపడినవాళ్లకు అవి లేవు. ఆయన ఏ ప్రయోగమూ చేయలేదు. ఊరూరా తిరిగి ఎవరికి మచ్చలున్నాయి, ఎవరికి లేవు, వాళ్లు చిన్నప్పుడు ఎక్కడ పెరిగారు అని అడిగి రాసుకున్నాడు. నీళ్లమీద అనుమానం బలపడింది. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ వెళ్లాడు. ఆ ఊరు ఐదు మైళ్ల దూరంలోని వేడి ఊట నుంచి పైపులైను వేసుకున్నాకే పిల్లల పళ్లకు మచ్చలు మొదలయ్యాయని తల్లిదండ్రులు చెప్పారు. నీళ్లు పరీక్ష చేయిస్తే అనుమానించదగ్గది ఏమీ దొరకలేదు. అయినా ఆ ఊట వదిలేసి వేరే నీళ్లు తెచ్చుకోమన్నాడు, వాళ్లు అలాగే చేశారు. కొన్నేళ్లకు చిన్నపిల్లలకు వచ్చిన కొత్త పళ్లు తెల్లగా ఉన్నాయి.

దోషి ఫ్లోరైడ్ అని తేలింది 1931లో, ఆల్కోవా కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీళ్లను పరీక్షించాక. కారణం పేరు తెలియకముందే ఓక్లీ పిల్లలు బాగుపడ్డారు. ఈ మాట చెప్తున్నప్పుడు నా గొంతు కొంచెం పెరిగింది. ఏది ముందు వచ్చిందో (పైపు తర్వాతే మచ్చలు), ఎవరికి రాలేదో మెకే ఓపిగ్గా చూశాడు కాబట్టే ఆ సంబంధాన్ని నమ్మి అడుగు వేయగలిగాడు.

13 జులై, ఆదివారం

పొదిలిలో పెళ్లికి వెళ్లొచ్చాను. బంతిలో నా ఎదురుగా కూర్చున్న పిల్లలు నవ్వితే గారపళ్లు. ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు, ఫ్లోరోసిస్, గురించి 1937లో షార్ట్, ఆయన సహచరులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసింది ఈ మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెలు చూసే. అప్పట్లో ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది.

అమెరికాలో ట్రెండ్లీ డీన్ అనే దంతవైద్యుడు ఇరవై ఒక్క పట్టణాల్లో 12 నుంచి 14 ఏళ్ల పిల్లలు 7,257 మంది పళ్లు పరీక్షించి లెక్క తీశాడు. నీళ్లలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పిప్పిపళ్లు తగ్గాయి, మచ్చలు మాత్రం పెరిగాయి. ఒకే నీళ్లు, ఒకటి రుణ సంబంధం, ఒకటి ధన సంబంధం. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర పిప్పి బాగా తగ్గుతోంది, మచ్చలు అంతగా లేవు. ఆ అంకె పట్టుకునే 1945లో గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ కలిపి చూశారు. పరిశీలన ముందు నడిచింది, ప్రయోగం దాని వెనక వచ్చింది.

అయితే ఇలా మనుషులను కాక ఊళ్లను పోల్చే లెక్కతో ఒక చిక్కుంది. 1930 అమెరికా జనాభా లెక్కలు తీసుకుని రాబిన్సన్ 1950లో చూపించాడు: రాష్ట్రాలను పోల్చితే విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్నచోట నిరక్షరాస్యత తక్కువ, గుణకం మైనస్ 0.53. మనుషులను విడివిడిగా చూస్తే ప్లస్ 0.12. వలస వచ్చినవాళ్లు చదువున్న రాష్ట్రాల్లో స్థిరపడటమే ఆ తికమకకు మూలం. బడుల సగటులు పోల్చి పిల్లవాడి గురించి తీర్పు చెప్పేవాళ్లు ఇది చదవాలి.

17 జులై, గురువారం

ఆ అమ్మాయి ప్రశ్నావళి తిరగరాసి తెచ్చింది. సాయంత్రం ఇంట్లో ఎవరుంటారు, ఎనిమిదో తరగతిలో ఎన్ని మార్కులు అన్న ప్రశ్నలు చేర్చింది. ఫోన్ వాడకం ఇప్పుడొకసారి, వార్షిక పరీక్షలకు ముందొకసారి అడుగుతానంది. చాలా సంతోషమేసింది.

గురుకులం ఒక్కటే తీసుకుందామా అంటే వద్దన్నాను. అక్కడ ఫోన్లే ఉండవు, అందరి వాడకమూ సున్నా అయితే పోల్చడానికి హెచ్చుతగ్గులే దొరకవు. ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండూ, పల్లె, టౌను కలిపి తీసుకోమన్నాను.

ఇంకొక్కటి మాత్రం గట్టిగా చెప్పాను. గుణకం ఎంత వచ్చినా, సిఫార్సుల అధ్యాయంలో ‘ఫోన్లు తీసేసుకుంటే మార్కులు పెరుగుతాయి’ అని రాయకూడదు. ఆ మాట అనాలంటే ఇంకో పరిశోధన చేయాలి. ఫలానా పిల్లల్లో, ఫలానా ఇళ్లలో ఈ రెండూ కలిసి కనిపిస్తున్నాయని రాయొచ్చు. అంత రాస్తే చాలు, తర్వాత వచ్చేవాళ్లు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.