రంగూను రేవున

పాపఘ్ని యిసుకలో చెలమలు త్రవ్వి నీరు తోడుకొనుట చూచి పెరిగినవారము మేము. అట్టివారికి నిండుగా పాఱు నదీతీరమున వెలసిన నగరమేదైనను మొదట కొంత యసూయ కలిగించును. 2018 జనవరిలో కమలాపురమునుండి పోయి రంగూను చూచినప్పుడును అట్లే యైనది. ఆ నగరమునకు 1989 నుండి యాంగోన్ అని అధికారనామము. మా పెద్దల నోట నానిన పేరే మా కలమునకును వచ్చుచున్నది.

1852 లో ఆంగ్లేయులు పట్టుకొనిన పిమ్మట నూలుపట్టి తీర్చిన వీథులవి. కార్లు కుడిప్రక్కన నడచును. పెక్కు కార్లలో చోదకుడును కుడిప్రక్కనే కూర్చుండును. వీథి దాటుటకు మేము పడిన పాట్లు చెప్పినచో నవ్వుదురు. స్త్రీలు తనఖా పూసికొని అంగళ్లలో బేరమాడుచుండిరి. తనఖా యనగానే మా సీమ రైతు ఉలికిపడునేమో! అది యచట ఒక చెట్టుబెరడు నరగదీసి చెక్కిళ్లకు పూయు గంధము.

ష్వెడగోను స్తూపముచుట్టును వారములనుబట్టి యెనిమిది తావులు గలవు. బుధవారమును మధ్యాహ్నముతో రెండుగా పంచిరి. ఎవరు పుట్టిన వారపు తావున వారు బుద్ధప్రతిమకు నీరు పోయుదురు. ఒక వృద్ధుడు మా జన్మవార మేదని సైగలతో నడిగెను. మా కులమేదో చెప్పగలవారు మా యూర నిందరు గలరు గాని, మా జన్మవారము మాకే తెలియదు. కరవునాడు పుట్టితివని మాత్రము అమ్మ చెప్పెడిది. ఏదో యొక తావున నీరు పోసితిమి. కులమడుగని గుడి కదా యని సంతసించితిమి. కాని వెనుకటి ఆగష్టు మొదలు ఆ దేశమునుండియే లక్షలాది రోహింగ్యాలు బంగ్లాదేశమునకు పాఱిపోవుచుండిరని తలపునకు రాగా ఆ సంతసము నిలువలేదు.

మఱునాడు రేవునకు పోయితిమి. కాకినాడ, విశాఖపట్టణములలో నోడలెక్కిన తెలుగుకూలీలు బస్తాలు మోసిన రేవిది. కోరంగి రేవు పేర వారిని కోరంగీలనిరి. 1931 జనాభాలెక్కలలో నగరజనమున సగమునకు మించి భారతీయులే. ఓడకూలికి మేస్త్రీ అప్పిచ్చును; జీతము మేస్త్రీ చేతికే వచ్చును; అతడు కోసికొనగా మిగిలినది కూలివానికి. ఆ మేస్త్రీలలో పెక్కురు తెల్లవారు కారు, తెలుగువారే. తెల్లవానిని నిందించునప్పుడు మనవారీ మాట దాటవేయుదురు. 1930 మే నెలలో మనకూలీలు జీతములకై పని మానగా బర్మావారిని పనిలో పెట్టిరి. సమ్మె తీఱగనే వారిని పొమ్మనిరి. ఇరువురును పేదలే, కొట్టుకొని చచ్చినవారు నూర్గురకు మించిరి. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడగా వేలకొలది మనవారు కొండలు, అడవులు దాటి కాలినడకన తరలిరి. 1964 లో అంగళ్లు ప్రభుత్వపరమైనపుడు మఱికొందఱు మరలి వచ్చిరి.

మరలి రానివారును గలరు. రేవుచెంత తేనీటి యంగడిలో మేము ఇంటికి ఫోనులో మాటాడుచుండగా, గిన్నెలు కడుగు ముసలమ్మ దగ్గఱకు వచ్చి, “ఏ ఊరు బాబూ?” అనెను. ఆ మూడుమాటలకే మా గొంతు పూడిపోయెను. కడపజిల్లా యంటిమి, ఆమె యెఱుగదు. తన తాత యూరిపేరును ఎఱుగదు. సముద్రము దగ్గఱదని మాత్రము చెప్పెను. కొంతసేపు మాటలు వెదకికొని, “మీ ఊళ్లో పనులు దొరుకుతాయా?” అని యడిగెను.

దొరకునంటిమి. మా సీమవారికి రంగూను తెలియదు గాని కువైటు బాగుగా తెలియును. మేము బయలుదేరుటకు వారము ముందే మా వీథిలోని యొక యిల్లాలు అచట ఇంటిపనికి పోవుటకై చేసిన యప్పుపత్రము మాచేతనే వ్రాయించుకొనెను. సాక్షిసంతకమును మాదే.